గడియారముల శిల్పి బ్రెగే

గోదావరి గౌతమీశాఖ సముద్రమును చేరుటకు కొలది దూరము ఎగువను యానాము అను చిన్న పట్టణము గలదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచివారు అచట వర్తక స్థావరము నేర్పరచుకొనిరి. చుట్టునున్న డెల్టా గ్రామములన్నియు ఆంగ్లేయుల యేలుబడిలోనికి పోయినను, ఆ యొక్క ఊర మాత్రము, నడుమ నడుమ ఆంగ్లేయులు వశపరచుకొనిన కాలము తప్ప, 1954 వరకు ఫ్రెంచి పరిపాలనమే సాగెను. యానామునకును, దాని ప్రక్కనున్న కోరంగి రేవునకును ఐరోపానుండి వచ్చు ఓడలు ఆఫ్రికా ఖండమును చుట్టి నెలల తరబడి ప్రయాణము చేయవలసి యుండెను. నలుదెసల నీరు తప్ప మరేమియు కానరాని నడిసముద్రమున తన ఓడ యెచటనున్నదో నావికునకు తెలియుటెట్లు?

గడియారము చెప్పును. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు, నాలుగు నిమిషములకు ఒక డిగ్రీ. పారిసు పట్టణమునకు యానాము సుమారు 80 డిగ్రీలు తూర్పుననున్నది. కావున యానామున సూర్యుడు నడినెత్తిమీద నుండు వేళకు పారిసులో ఉదయము 6 గంటల 40 నిమిషములు మాత్రమే యగును. పారిసు కాలమును తప్పక చూపు గడియారము ఓడలో నున్నచో, నావికుడు మధ్యాహ్న సూర్యుని చూచి, ఆ గడియారమును చూచి, తాను ఎంత తూర్పునకు వచ్చెనో లెక్కకట్టుకొనగలడు. గడియారము నాలుగు నిమిషములు తప్పినచో లెక్క 100 కిలోమీటర్లకు పైగా తప్పును. అట్లు దారి తప్పిన ఓడ చీకటిలో నదీముఖమునందలి ఇసుకమేటలపై పోయి పడుటకు ఆశ్చర్యమేమి?

తెలుగుదేశమున పూర్వము కాలమును కొలుచుటకు గడియకుడుక యుండెడిది. అడుగున సన్నని చిల్లుగల గిన్నెను నీటిపై వదలుదురు. అది నిండి మునుగుసరికి ఒక గడియ, అనగా 24 నిమిషములు. పెండ్లి ముహూర్తములకు అది చాలును. ఊగులాడు ఓడకు అది పనికిరాదు. చలికిని, వేడికిని, కుదుపునకును లొంగని యంత్రము కావలెను. అట్టి యంత్రములను చేయుటకు జీవితమునెల్ల ధారపోసిన వారిలో అబ్రహాం లూయీ బ్రెగే అగ్రగణ్యుడు.

బ్రెగే 1747 జనవరి 10వ తేదీన స్విట్జర్లాండునందలి నూషాటెల్ పట్టణమున జన్మించెను. ఆయన పూర్వులు ఫ్రాన్సు దేశీయులు. వారు ప్రొటెస్టంటు మతస్థులగుటచే, 1685లో ఆ మతమునకు ఫ్రాన్సున రక్షణ తొలగిపోయిన పిమ్మట స్వదేశమును విడిచి ఈ కొండసీమలో తలదాచుకొనిరి. నూషాటెల్ ప్రాంతమున శీతకాలమున మంచు కురిసి పొలముపనులు నిలిచిపోవును. ఆ నెలలలో రైతులు కిటికీల చెంత కూర్చుండి గడియారముల భాగములను అరగదీయుచు నాలుగు డబ్బులు సంపాదించుకొనెడివారు. స్విస్ గడియారముల ప్రఖ్యాతికి పునాది ఆ కిటికీల చెంతనే పడినది.

బ్రెగే పదునొకండేండ్ల బాలుడుగా నుండగా, 1758లో, తండ్రి మరణించెను. కొంతకాలమునకు తల్లి జోసెఫ్ తాత్తే అను గడియారముల పనివానిని పునర్వివాహము చేసికొనెను. ఆ మారుతండ్రి మంచివాడు. బాలునకు తన పని నేర్పించి, 1762లో ఫ్రాన్సునకు పంపెను. మతము కారణముగ పూర్వులు విడిచివచ్చిన దేశమునకు, పదునైదేండ్ల వయస్సున, పనిముట్లు చేతబట్టుకొని మనుమడు తిరిగి వెళ్లినాడు.

ఆ కుర్రవాడు రాజనగరమైన వెర్సాయిలో ఒక గడియారముల నిపుణుని వద్ద శిష్యుడుగా చేరెను. పగలు దుకాణములో పని. పిమ్మట పారిసులో ఆబే మారీ అను గురువు వద్ద గణితవిద్య. చేతిపనివారికి గణితమేల అని ఆ కాలమున పలువురు తలంచెడివారు. బ్రెగే అట్లు తలంపలేదు. ఆకురాయి పట్టిన వ్రేళ్లకు లెక్కలు తోడైనందువలననే తరువాతి కాలమున ఆయన ఇతరులు కలనైన తలపని యంత్రములను కల్పింపగలిగెను. ఆ గురువే ఆయన పేరు రాజాస్థానమువారి చెవిని వేసెను.

1775లో బ్రెగే వివాహము చేసికొని, పారిసులో సెయిన్ నది నడుమనున్న ద్వీపమున, గడియారపు గట్టు అను పేరుగల వీథిలో సొంత కర్మశాలను నెలకొల్పెను. నేటికిని ఆయన పేర గడియారములు చేయు సంస్థ తన పుట్టుకను ఆ సంవత్సరమునుండియే లెక్కించుకొనుచున్నది. గృహసౌఖ్యము మాత్రము చిరకాలము నిలువలేదు. లూయీ ఆంత్వాన్ అను కుమారుని విడిచి, భార్య యౌవనముననే గతించెను. ఆయన మరల పెండ్లి చేసికొనలేదు.

ఆ దినములలో జేబు గడియారమునకు ప్రతిదినము తాళపుచెవితో కీ ఇయ్యవలసి యుండెను. మరచినచో గడియారము నిలిచిపోవును. ధరించినవాని నడకవలననే తనంతట తాను కీ ఇచ్చుకొను గడియారము కొరకు బ్రెగే కంటె ముందును కొందరు ప్రయత్నించిరి. కాని వారి యంత్రములు నమ్మకముగ పనిచేయలేదు. బ్రెగే తన గడియారమునందు బరువైన లోహపు తునక నొకదానిని సన్నని కమ్మి చివర అమర్చెను. మనుష్యుడు నడచునపుడు ఆ తునక మీదికి క్రిందికి ఊగుచు లోపలి చుట్ట స్ప్రింగును బిగించును. 1780లో అట్టి గడియారమును ఓర్లియాన్ ప్రభువు కొనెను. రెండేండ్లకు ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్ మరియొకటి కొనెను. రాణి కొనినదానిని కొనవలెనని ప్రభువులెల్లరు ఉబలాటపడుట సహజమే కదా! బ్రెగే పేరు ఐరోపాలోని రాజనగరములెల్ల ప్రాకెను.

విద్యుద్దీపములు లేని ఆ కాలమున రాత్రివేళ సమయము తెలిసికొనుటకు, మీట నొక్కిన గంటలు కొట్టు జేబు గడియారములుండెడివి. వాని లోపల చిన్న గంట యుండుటచే అవి లావుగా నుండెడివి. 1783లో బ్రెగే ఆ గంటను తీసివేసి, దాని స్థానమున యంత్రముచుట్టును చుట్టుకొనియుండు ఉక్కుతీగ నొకదానిని ఉంచెను. గడియారము పలుచనయ్యెను, ధ్వనియు మధురమయ్యెను. గంటలు కొట్టు జేబు గడియారములు ఇప్పటికిని ఆ తీగతోడనే మ్రోగుచున్నవి.

ఆ సంవత్సరమే, 1783లో, ఆయన జీవితమున ముఖ్యమైన సంఘటన యొకటి జరిగెను. రాణి అంగరక్షక దళమునకు చెందిన ఉద్యోగి యొకడు కర్మశాలకు వచ్చి, రాణిగారి కొరకు ఒక గడియారము చేయవలెనని కోరెను. ఆ కోరికలోని నిబంధనలు విచిత్రమైనవి. అంతవరకు మానవునకు తెలిసిన గడియారపు విద్యలన్నియు ఆ యొక్క గడియారమున నుండవలెను. సాధ్యమైనచోటనెల్ల ఇతర లోహములకు బదులు బంగారమునే వాడవలెను. వెలకు మితి లేదు. పూర్తిచేయుటకు గడువును లేదు. ఆ ఉద్యోగి పేరు ఎవరికిని తెలియదు. బ్రెగే తన ఖాతా పుస్తకమున దానికి 160వ సంఖ్య వేసికొని పని ప్రారంభించెను.

గడువు లేని పని పనివానికి వరమో శాపమో చెప్పుట కష్టము. గడువున్నచో ఎచటనో ఒకచోట చాలునని నిలుపవచ్చును. ఈ పనికి చాలుననుటయే లేదు. నిమిషములవరకు లెక్కించి గంటలు కొట్టవలెను. నెలకు ముప్పది దినములో, ముప్పదియొకటో, లీపు సంవత్సరమున ఫిబ్రవరికి ఇరువదితొమ్మిదో తానే యెరిగి తేదీని మార్చుకొనవలెను. సూర్యుని గమనమును బట్టి వచ్చు కాలమునకును గడియారపు కాలమునకును గల భేదమును చూపవలెను. లోపల ఉష్ణమానియు నుండవలెను. ఇవన్నియు అరచేతిలో ఇముడవలెను.

ఆ పని సాగుచుండగనే దేశము తలక్రిందులయ్యెను. 1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. ఆకలిగొన్న ప్రజలు రాజుపై తిరుగబడిరి. ప్రభువులనేకులు ప్రాణములు దక్కించుకొనుటకు దేశాంతరములకు పారిపోయిరి. బ్రెగేకు గడియారములు కొనువారు కరవైరి. రాజును, రాణిని చెరసాలలో బంధించిరి. 1792లో, చెరలోనుండియే, రాణి మరీ ఆంత్వానెత్ బ్రెగే చేతి గడియారమొకటి కావలెనని కబురంపెనట. ఏ అలంకారమును లేని సామాన్యమైన గడియారము చాలునని ఆమె కోరిక. 160వ సంఖ్య గడియారము అప్పటికి సగములోనున్నది.

ఆ విప్లవనాయకులలో మారా అను వైద్యుడు ఒకడు. ఆయన నడిపిన ప్రజామిత్రుడు అను పత్రిక పారిసు ప్రజలను ఉర్రూతలూపెను. శత్రువుల తలలు తీయవలెనని వ్రాయుటకు ఆయన వెనుదీయలేదు. అట్టివానికిని, మృదుస్వభావుడైన బ్రెగేకును స్నేహమెట్లు కుదిరెనా యని ఆశ్చర్యము కలుగవచ్చును. మారాయు నూషాటెల్ సీమవాడే. దూరదేశమున ఒక ఊరివారు కలిసికొనినపుడు పుట్టు చనవు వారిని దగ్గరకు చేర్చియుండును.

వారిని గూర్చి ఒక కథ చెప్పుదురు. ఒకనాటి సాయంకాలము ఇరువురును ఒక మిత్రుని యింట నుండిరి. మారా అచటనున్నాడని తెలిసి, ఆయన యన్న గిట్టని జనము గుంపుగా వచ్చి వాకిట నిలిచి కేకలు వేయసాగెను. తలుపులు విరుగు క్షణము వచ్చినది. బ్రెగే తొట్రుపడక, మారాకు ముసలమ్మవలె వేషము వేసి, ఆ ముసలమ్మను చేయిపట్టి నడిపించుకొనుచు గుంపు నడుమనుండి వెలుపలికి వచ్చెను. ఎవరును వారిని ఆపలేదు.

ఆ మేలును మారా మరువలేదు. 1793 నాటికి రాజును వధించిరి. పారిసులో తలలు తెగని దినము లేకుండెను. రాజకుటుంబమునకు గడియారములు చేసినవాడను నేరమే బ్రెగేను వధ్యస్థానమునకు ఈడ్చుటకు చాలియుండెను. ఆయన పేరు జాబితాలోనికి ఎక్కినదని ఎరిగిన మారా ఆ జూన్ నెలలో ఆయనను హెచ్చరించి, దేశము దాటిపోవుటకు అనుమతిపత్రము నిప్పించెను. కొలది వారములకే, జూలై 13వ తేదీన, మారాయే ఒక యువతి కత్తిపోటునకు గురియై మరణించెను. మిత్రుడు కాపాడగలిగిన కాలము అంత స్వల్పమైనది! బ్రెగే ఆ వేసవి ముగియకమునుపే కుమారుని, మరదలిని వెంటబెట్టుకొని స్వదేశము చేరెను. అక్టోబరు 16వ తేదీన రాణి మరీ ఆంత్వానెత్‌కు మరణశిక్ష అమలు జరిపిరి.

నలుబదియారేండ్ల వయస్సున, కర్మశాలను పోగొట్టుకొని, బ్రెగే తాను పుట్టిన కొండసీమకు మరలివచ్చెను. ల లోక్ల్ అను చిన్న ఊర కొలదిమంది పనివారితో చిన్న పని ప్రారంభించెను. పారిసులో దినమునకు పదిమంది ప్రభువులకు సమాధానము చెప్పవలసినవానికి ఇపుడు ఆలోచించుటకు తీరిక దొరికెను. తరువాత ఆయన లోకమునకు చూపిన నూతన యంత్రములలో పెక్కింటికి బీజములు ఆ రెండేండ్ల ప్రవాసముననే పడినవని చరిత్రకారుల అభిప్రాయము.

ఇచట ఒక వింత చెప్పవలసియున్నది. విప్లవ ప్రభుత్వము రాజులనేగాక కాలమునుగూడ మార్చదలచెను. దినమునకు 24 గంటలకు బదులు 10 గంటలు, గంటకు 100 నిమిషములు ఉండవలెనని 1793లో శాసించెను. గడియారములన్నియు ఒక్కమారుగా పనికిరానివయ్యెను. ప్రజలు ఆ లెక్కకు అలవాటుపడలేదు; 1795 ఏప్రిల్ నెలలో ఆ నిర్బంధమును ఎత్తివేసిరి. ఐరోపాలోనెల్ల గొప్ప గడియారముల శిల్పి దేశమున లేని కాలముననే ఆ వింత పుట్టి గిట్టినది.

1795లో బ్రెగే పారిసునకు తిరిగివచ్చెను. గడియారపు గట్టునందలి కర్మశాల పాడుపడియుండెను. అయినను దేశమునకు, ముఖ్యముగ సైన్యమునకును నావికులకును, మంచి గడియారములు కావలసియుండెను. బ్రెగే వంటివాడు మరియొకడు లేడు. అందుచే ప్రభుత్వమే ఆయన కర్మశాలను పునరుద్ధరించుటకు తోడ్పడెను. తన పనివారిని సైన్యములోనికి తీసికొనిపోరాదని ఆయన కోరగా అందులకును సమ్మతించెను. తలతీయదలచిన పారిసే రెండేండ్లకు ఆయనను ఆదరించి పిలుచుకొనినది.

పూర్వపు ప్రభువులు లేరు. కావున బ్రెగే సామాన్యులు కొనదగిన గడియారమును ఆలోచించెను. 1797లో ఆయన ప్రకటించిన గడియారమునకు ఒకే ముల్లు. యంత్రము సులభము, దృఢము. కోరినవారు వెలలో నాలుగవ వంతు ముందుగా చెల్లింపవలెను. మిగిలినది గడియారము చేతికి వచ్చినపుడు ఇయ్యవలెను. ఆ ముందు సొమ్ముతో పనివారికి కూలియు, సామగ్రియు సమకూరెను. ఈ యుపాయము ఫలించెను.

పేరు పెరిగినకొలది దొంగసరుకును పెరిగెను. పనికిమాలిన గడియారములపై బ్రెగే పేరు చెక్కి అమ్ము మోసగాండ్రు బయలుదేరిరి. దానికి ఆయన చేసిన ప్రతిక్రియ చమత్కారమైనది. ముఖఫలకముపై, పండ్రెండు అంకెకు దిగువను, తన సంతకమును కంటికానని సన్నని గీతలతో యంత్రముచే చెక్కించెను. ఎదురుగా చూచినచో ఏమియు కనబడదు. గడియారమును ప్రక్కకు వంచి, వెలుతురు ఏటవాలుగ పడునట్లు పట్టుకొనినచో సంతకము మెరయును.

ఆయన కల్పనలలోనెల్ల ప్రసిద్ధమైనది టూర్బియాన్. గడియారమునకు ప్రాణము అటునిటు ఊగు చిన్న చక్రము. ఆ ఊపులు సమముగ నున్నంతకాలము కాలము తప్పదు. కాని జేబు గడియారము దినమంతయు జేబులో నిలువుగ నుండును. చక్రమున ఎచటనైన రవ్వంత బరువు హెచ్చుగ నున్నచో భూమ్యాకర్షణ దానిని ఒకేవైపునకు లాగి, ఊపును త్వరపరచును, లేదా మందగింపజేయును. ఎంతటి పనివాడైనను ఆ లోపమును పూర్తిగ తొలగింపలేడు. బ్రెగే లోపమును తొలగించుటకు బదులు దానిని త్రిప్పెను. ఆ చక్రమును, దానిని నడుపు భాగములను ఒక చిన్న పంజరమునందమర్చి, ఆ పంజరమే నిమిషమునకొక ప్రదక్షిణము చేయునట్లు చేసెను. ఒకవైపు ముందునకు తప్పినది ఎదుటివైపునకు వచ్చుసరికి వెనుకకు తప్పి, రెండును సరిపోవును. ఫ్రెంచి భాషలో టూర్బియాన్ అనగా సుడిగాలి. వరదగోదావరిలో సుడి తిరుగు నీటిని చూచినవారికి ఆ పేరు వేరుగ వివరింపనక్కరలేదు. 1801 జూన్ 26వ తేదీన ప్రభుత్వము దానికి పదేండ్ల హక్కుపత్రము నిచ్చెను. ఆ పంజరమును చేయుట ఎంత కష్టమనగా, ఆయన బ్రతికియున్నంతలో అమ్ముడుపోయిన టూర్బియాన్ గడియారములు సుమారు 35 మాత్రమే.

మొట్టమొదటి టూర్బియాన్ యంత్రమును ఆయన తన సొంత గడియారమున అమర్చలేదు. లండనులో జాన్ ఆర్నాల్డ్ అను గొప్ప నిపుణుడుండెను. ఓడల గడియారములను చేయుటలో ఆయన ఆరితేరినవాడు. ఇంగ్లండు, ఫ్రాన్సు పగవారుగ నుండినను వీరిరువురును ప్రాణమిత్రులు. ఒకరి రహస్యములు ఒకరికి దాపరికము లేకుండెను. బ్రెగే తన యేకైక కుమారుని పని నేర్చుకొనుటకు ఆర్నాల్డ్ చెంతకు పంపెను. 1799లో ఆర్నాల్డ్ మరణించెను. బ్రెగే తన మొదటి టూర్బియాన్ యంత్రమును ఆ మిత్రుడు చేసిన గడియారముననే అమర్చి, మిత్రుని స్మరించుచు దానిపై మాటలు చెక్కించి, 1808లో ఆర్నాల్డ్ కుమారునకు కానుకగ నిచ్చెను. అపుడు ఇరుదేశములకును ఘోరమైన యుద్ధము జరుగుచున్నది. ఆ గడియారము లండనులోని బ్రిటిష్ మ్యూజియమున భద్రముగ నున్నది.

జేబునుండి జారి క్రిందపడిన గడియారమునకు మొట్టమొదట విరుగునది ఆ ఊగుచక్రపు ఇరుసు. అది వెంట్రుకవలె సన్ననిది. బ్రెగే 1790లో ఆ ఇరుసు మొనను చిన్న స్ప్రింగుపై ఆనునట్లు చేసెను. దెబ్బ తగిలినపుడు స్ప్రింగు ఒదిగి ఇరుసును కాపాడును. తాలిరాన్ అను మంత్రి ఇంట విందునందు ఆయన అందరు చూచుచుండగ గడియారమును నేలపై విసరికొట్టెననియు, అది ఆగక నడచుచుండెననియు ఒక కథ గలదు. చేతి గడియారములందు కుదుపునకు రక్షణగ నుంచు అమరికకు మూలపురుషుడు ఆయనయే.

1798 ఏప్రిల్ నెలలో, ఈజిప్టు దండయాత్రకు బయలుదేరుటకు కొంచెము ముందు, నెపోలియన్ బోనపార్టు అను సేనాని బ్రెగే వద్ద మూడు గడియారములు కొనెను. శ్రీరంగపట్టణ యుద్ధమున పాల్గొని, పిమ్మట 1815లో వాటర్లూవద్ద నెపోలియనును ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువును బ్రెగే గడియారములను కొనినవాడే. రష్యా చక్రవర్తి, తురుష్క సుల్తాను మొదలగువారి పేర్లును ఆయన ఖాతా పుస్తకములందు గలవు. 1810లో నెపోలియను చెల్లెలు, నేపుల్స్ రాణి కరోలిన్, మణికట్టునకు ధరించు గడియారమును కోరెను. చేతి గడియారమను మాటయే లేని కాలమది. రెండేండ్లలో బ్రెగే దానిని చేసి యిచ్చెను. అండాకారముగల ఆ గడియారమునకు వెండ్రుకలతోను బంగారు దారముతోను అల్లిన పట్టీ యుండెడిదట. 1855లో మరమ్మతునకు వచ్చిన పిమ్మట దాని జాడ లేదు. ఖాతా పుస్తకములోని వ్రాతవలననే అట్టిదొకటి యుండెనని లోకమునకు తెలిసినది. అమ్మిన ప్రతి గడియారమునకును సంఖ్య, తేదీ, వెల, కొనినవారి పేరు వ్రాసియుంచు అలవాటు బ్రెగేది. ఆ పుస్తకములు భద్రముగ నిలిచియున్నవి.

ఇంతటివాడైనను ఆయనకు గర్వము లేకుండెను. వృద్ధాప్యమున చెవులు వినబడవయ్యెను. అయినను ముఖమున నవ్వు చెరగలేదందురు. పనివారియెడ ఆయన చూపిన ఆదరము లోకప్రసిద్ధము. పనివాడు తెచ్చిన లెక్క చివర సున్న యున్నచో, బ్రెగే కలమెత్తి ఆ సున్నకు చిన్న తోక తగిలించెడివాడట; సున్న తొమ్మిదియయ్యెడిది. పనివాడు అడిగినదానికంటె తొమ్మిది ఫ్రాంకులు హెచ్చుగ పుచ్చుకొని పోయెడివాడు. ఐరోపా నానాదేశములనుండి శిష్యులు ఆయన చెంతకు వచ్చిరనిన వింత యేమున్నది?

రాచరికము మరల వచ్చిన పిమ్మటను ఆయన గౌరవము తగ్గలేదు. 1815లో ఫ్రెంచి నౌకాదళమునకు గడియారముల నిర్మాతగ నియమితుడయ్యెను. యానామువంటి దూరపు రేవులకు పోవు నావికుల దారిలెక్క ఇట్టివారి చేతిపనిపై ఆధారపడియుండెను. 1816లో శాస్త్ర పరిషత్తున సభ్యత్వము లభించెను. 1823 సెప్టెంబరు 17వ తేదీన, 76 ఏండ్ల వయస్సున, బ్రెగే పారిసులో మరణించెను. పేర్ లషేజ్ శ్మశానమున ఆయన సమాధి గలదు.

ఆయన మరణించునాటికి 160వ సంఖ్య గడియారము ఇంకను కర్మశాలలోనే యున్నది. దానిని కోరిన ఉద్యోగి యెవరో తెలియదు. ఎవరికొరకు కోరెనో ఆ రాణి గతించి ముప్పది యేండ్లయినది. వెల చెల్లించువారు లేరు. పూర్తిచేయుమని అడుగువారును లేరు. అయినను బ్రెగే ఆ పనిని విడువలేదు. ఆయన పిమ్మట కుమారుడును విడువలేదు. 1827లో, ప్రారంభించిన నలుబదినాలుగేండ్లకు, అది పూర్తియయ్యెను. అందు 823 భాగములు గలవు. లోపలి యంత్రము కనబడునట్లు దాని ముఖఫలకమును స్వచ్ఛమైన స్ఫటికముతో చేసిరి.

ఆ పిమ్మట సంస్థ పలువురి చేతులు మారెను. బ్రెగే మనుమడు తంతి యంత్రములపై ఆసక్తి గలవాడగుటచే, 1870లో గడియారముల వ్యాపారమును కర్మశాల పెద్దయైన ఎడ్వర్డ్ బ్రౌన్ అను ఆంగ్లేయునకు అమ్మివేసెను. వంశములోని మరియొకడు ఇరువదవ శతాబ్దిలో విమానములు నిర్మించి పేరొందెను. 1976లో గడియారముల పని పారిసు విడిచి స్విట్జర్లాండునందలి జూ లోయకు చేరెను. 1999లో సంస్థను స్వాచ్ అను పెద్ద స్విస్ సంస్థ కొనినది. స్విస్ బాలుడు పారిసులో నాటిన మొక్క రెండువందల యేండ్లకు స్విస్ కొండలలో వేళ్లూనినది.

రాణి గడియారము కథ మాత్రము అంతటితో ముగియలేదు. 1917లో సర్ డేవిడ్ సాలమన్స్ అను ఆంగ్లేయుడు లండనులో ఒక దుకాణమున దానిని చూచి కొనెను. ఆయన బ్రెగే గడియారములను ప్రోగుచేయుటలో జీవితమును గడిపినవాడు. ఆయన కుమార్తె జెరూసలేము నగరమున నెలకొల్పిన మ్యూజియమునకు ఆ గడియారములను ఇచ్చెను. 1983 ఏప్రిల్ నెలలో ఒక రాత్రి దొంగ యొకడు కిటికీగుండ దూరి నూరింటికి పైగా గడియారములను అపహరించెను. అందు రాణి గడియారమును పోయినది. ఇరువదియేండ్లవరకు దాని జాడ తెలియలేదు. అది దొరకదని తలచి బ్రెగే సంస్థవారు పాత పటములను, చిత్రములను చూచి అటువంటిదే మరియొకటి చేయ పూనుకొనిరి. వెర్సాయిలో రాణికి ప్రీతిపాత్రమైన ఓక్ చెట్టు కూలగా దాని కలపతో పెట్టె చేయించిరి. ఆ కొత్త గడియారము 2008లో పూర్తియయ్యెను. ఈలోగా దొంగ 2004లో మరణించుచు భార్యకు రహస్యమును చెప్పెను. 2007లో పాత గడియారము దొరికినదని ప్రకటించిరి. పత్రికలో చుట్టి పెట్టెలో దాచిన ఆ గడియారములలో అనేకములు తిరిగి జెరూసలేము మ్యూజియమునకు చేరినవి. 160వ సంఖ్య వానిలో నొకటి.